రబ్బరు పురుగుతో ఎయిర్‌పోర్టు దాక

మా షాద్‌నగర్‌ల దుబాయ్ పోయొచ్చినోళ్లున్నరు, సింగపూర్ పోయొచ్చినోళ్లున్నరు. వాళ్లు చాయ్ హోటల్ల కూసొని అక్కడి సంగతులు చెప్తుంటే నోరు తెరిచి వినుడే ఇన్నాళ్లు నా పని. ఇగ ఇప్పుడు వాళ్లు మూసుకోవాలె, నేను తెరవాలె. నేను ఎయిర్‌పోర్టుకు పోయొచ్చిన.

విమానం ఎక్కినవా అని అడగొద్దు. ఎక్కలేదు. ఎక్కెటోళ్లను, దిగెటోళ్లను దగ్గర్నుంచి చూసిన. "బస్సుల ఒక కునుకు తీసేలోపు వచ్చే శంషాబాద్‌కు యాత్ర అని పేరు పెడ్తవా?" అని దోస్తులు నవ్విన్రు. దూరం పోతేనే యాత్ర అయితే, రోజూ అటిటు తిరిగే బస్సు కండక్టర్ ఈపాటికి ఎన్ని పుస్తకాలు రాయాలె? పాపం, ఆయన ఇంకా టికెట్లే కొడ్తున్నడు.

నా గురించి జర చెప్పాలె. తొమ్మిదో తరగతిల బడికి దండం పెట్టి బయటికొచ్చిన. బడి నాకు ఇంకా పెద్ద దండం పెట్టింది. తర్వాత ఫ్రిజ్జులు బాగుచేసుడు నేర్చుకున్న. పేరు డేవిడ్, ఊర్ల ఫ్రిజ్జు డేవిడ్ అంటరు. మా అక్క ఎస్తేరుది సాతంరాయి. ఆమె బిడ్డ గ్రేస్ పెద్ద చదువు చదివింది. ఎంత పెద్దదంటే, "ఏం చదివినవ్ బిడ్డా?" అని అడిగితే చెప్పనీకి ఆమెకు ఒక పూట పట్టింది, అర్థం చేసుకోనీకి నాకు ఒక ఎండకాలం పట్టింది.

ఆ చదువు సారం ఏందంటే, మెత్తటి రబ్బరు పురుగును చేసుడు. దాన్ని ముట్టుకోకుండ, అయస్కాంతంతోని దూరంకెల్లి నడిపించుడు. ఎన్నడో ఒకనాడు అది మనిషి కడుపులకు మందు గోలీ మోసుకపోయి, పుండు ఎక్కడుంటే అక్కడ పెట్టాలె.

"కడుపుల పురుగులు చావనీకి గోలీ మింగుడు విన్నగాని, గోలీ కోసం పురుగును మింగుడు ఇప్పుడే వింటున్న" అన్న.

"మామా, నువ్వు పంపు ఆన్ చెయ్యి" అన్నది గ్రేస్.

పంపు సంగతి ఏందంటే, గీ పురుగు పుట్టింది నా దుకాణంలనే. జిగట రబ్బరుల అయస్కాంతం పొడి కలిపి, అచ్చుల పోసి ఆరబెట్టాలె. కలుపుతుంటే దోశపిండి లెక్క బుడగలు లేస్తయి. బుడగ మిగిలిన జాగల పురుగు చిరుగుతది. ఫ్రిజ్జుల గ్యాస్ నింపే ముందు లోపలి గాలి గుంజే పంపు నా దగ్గర ఉన్నది గదా, దాంతోనే బుడగలు గుంజినం. పొడి ఎక్కువైతే ఎండిపోయిన జొన్నరొట్టె లెక్క గట్టిపడి వంగదు. తక్కువైతే అయస్కాంతం ఎంత పిలిచినా పలకదు. మందమైతే మొండికేస్తది, పల్చగైతే తడిసిన అప్పడం లెక్క కూలబడ్తది. ఎన్నో పాడైనంక ఒక్కటి కుదిరింది. చిటికెన వేలంత పొడుగు, నల్లటి పట్టీ. దాని ఒక మొఖం మీద గ్రేస్ గోర్ల రంగుతోని ఎర్ర చుక్క పెట్టింది.

"ఈ చుక్క ఎప్పుడూ పైకుండాలె మామా. బోర్లా పడ్డదంటే పని ఉల్టా అయితది."

నేను తలూపిన. నా తల ఊగుడుకు ఎన్నడూ ఇబ్బంది లేదు, లోపలికి పోవుడుకే.

ఇగ అసలు కథ. బెంగుళూరుల ఒక మేడం ఉన్నది, ఇసొంటి పురుగుల మీదనే ఆమె పరిశోధన. ఆమె దగ్గర ఒక్క మనిషికి జాగ ఖాళీ ఉన్నది. గ్రేస్ పంపిన వీడియో చూసి, "నేను వైజాగ్ నుంచి వస్తూ హైదరాబాద్‌లో విమానం మారుతాను. ఆ సందులో తెచ్చి చూపించు. మాత్రను ప్లేటు ఈ అంచు నుంచి ఆ అంచుకు చేర్చాలి" అన్నదట. వీడియోల ఉన్న పురుగేమో చిరిగి చచ్చింది. కొత్తదే దిక్కు. ఇది నడిస్తే గ్రేస్‌కు ఆ జాగ. నడవకపోతే ఆ జాగ ఇంకొకళ్లకు, గ్రేస్‌కు మళ్ల పిల్లల ట్యూషన్లు.

పురుగును, దాన్ని నడిపే డబ్బాను సాతంరాయి చేర్చే పని నా మీద పడ్డది.

బస్సు: పట్టుకుంటే విడువని సంచి

ఆ డబ్బా గ్రేస్ చేతి పని. చెక్కతోని చేసింది. లోపల ఇరుసు మీద గుండ్రటి పెద్ద అయస్కాంతం, బయట మా అక్క పాత కుట్టుమిషన్ చక్రం. చక్రం తిప్పితే లోపల అయస్కాంతం దొర్లుతది, డబ్బా మీద పెట్టిన ప్లేటుల పురుగు నడుస్తది. ఒక్కటే షరతు: చక్రాన్ని ఉల్టా తిప్పొద్దు. తిప్పితే మర ఊడి చేతులకొస్తది.

డబ్బాను సంచిల పెట్టి, సంచి ఒళ్లె పెట్టుకొని కూసున్న. పక్కన సీతాఫలాల గంపతోని ఒక పెద్దమ్మ. కొత్తూరు దాటినంక నాకు కునుకు పట్టింది. సంచి జారి కింద సీటు ఇనుప కాలు కాడికి పోయింది. ఇగ అంతే, తప్పిపోయిన తల్లీబిడ్డ కలిసినట్టు కలిసినయి.

"సాతంరాయి, సాతంరాయి!" అని కండక్టర్ ఒర్లుతున్నడు. నేను సంచి గుంజుతున్న. వస్తలేదు.

"దిగుతవా, పండుకుంటవా అన్నా?"

"నేను దిగుతున్న, సంచి దిగుతలేదు."

"అండ్ల ఏమున్నది?"

"పురుగును నడిపే మిషన్."

కండక్టర్ నా మొఖం ఒకసారి, సంచి మొఖం ఒకసారి చూసి ఆయన కూడ గుంజిండు. ఎనుక సీటాయన నా నడుము పట్టి గుంజిండు. బస్సు కదిలింది. పెద్దమ్మ నిమ్మళంగ ఒక సీతాఫలం విప్పి నా నోట్ల పెట్టింది. "తిను బిడ్డా, బలం రావాలె" అన్నది. గింజలు ఎక్కడ ఉమ్మాల్నో తెల్వక బుగ్గల దాచుకొని గుంజిన.

గగన్‌పహాడ్ కాడ లారీ అడ్డమొస్తే డ్రైవర్ గట్టిగ బ్రేకు కొట్టిండు. అంతమంది గుంజితే రాని సంచి సుయ్యిమని పక్కకు జారి ఊడొచ్చింది. గట్ల నేను తెల్లారి చూడాల్సిన గగన్‌పహాడ్‌ను ఒకరోజు ముందే చూసిన. ఫ్యాక్టరీల రేకులు, లారీలు, దుమ్ము. బుగ్గల గింజలన్నీ అక్కడే ఉమ్మి, ఆటో మాట్లాడుకొని ఎనుకకు సాతంరాయి చేరిన.

సాతంరాయి: విమానానికి ఆగే ప్రార్థన

మా షాద్‌నగర్‌ల నెత్తి మీదికెల్లి విమానం పోతే పిల్లలు చేతులూపుతరు. పెద్దలు చేతులూపకుండ చూస్తరు, కాని చూస్తరు. సాతంరాయిల ఎవరూ తలెత్తరు. విమానం ఇంటి మీదికెల్లి కిందికి దిగుతుంటే మాట మధ్యల ఆపుతరు. అది పోయినంక ఏ అక్షరం కాడ ఆపిన్రో అక్కడికెల్లి మళ్ల మొదలుపెడ్తరు. "తమ్మీ, నీ పెండ్లాం మంచిగు..." అని అక్క ఆగింది. నేను గుండె పట్టుకున్న. విమానం పోయింది. "...న్నదా?" అన్నది.

బగార అన్నం, కోడికూర వండింది. తినే ముందు ప్రార్థన మా ఇండ్లల్ల మామూలే. ఆ రోజు పురుగు కోసం వేరే ప్రార్థన. పురుగును తెచ్చిన టిఫిన్ డబ్బా మూత తీసి, దాన్ని బల్ల మీద పెట్టి, కండ్లు మూసుకొని మొదలుపెట్టింది.

"ప్రభువా, ఈ పురుగును..." విమానం. "...నీ చేతులకు అప్పజెప్తున్న. దాని అడుగులు తప్పిపో..." ఇంకో విమానం. ఈసారిది పెద్దది. కోడికూర మీద నూనె గడ్డకడ్తున్నది. నేను ఒక కన్ను తెరిచిన. గ్రేస్ రెండు కండ్లు తెరిచే ఉన్నది. "...కుండ చూడు తండ్రీ."

"అమ్మా, దానికి అడుగులు లేవు" అన్నది గ్రేస్.

"నీకు నడక నేర్పినప్పుడు గూడ నీకు సక్కటి అడుగులు లేకుండె" అన్నది అక్క.

ఆ రాత్రి తిండి సల్లగైనా రుచి పోలేదు. పురుగు మీద దేవుని దయ ఉన్నదో లేదో గాని, దాని మీద ఇంకా అయస్కాంతం దెబ్బ పడలేదు. పొడి కలిపితే సరిపోదట. పొడిల గింజ గింజకు ఏ దిక్కు చూడాల్నో చెప్పాలె. గ్రేస్ కాలేజీల ఆ పని చేసే మెషిన్ ఖరాబయ్యింది. అందుకే తెల్లారి మళ్ల గగన్‌పహాడ్.

గగన్‌పహాడ్: పెండ్లి ఫొటో

అక్కడ నాకు ఎరుకున్న మల్లేశన్నది స్పీకర్ల కార్ఖానా. డీజే బండ్ల మీద గుండెలు అదరగొట్టే స్పీకర్లు అక్కడ పుడ్తయి. స్పీకర్ల ఉండే అయస్కాంతానికి బలం ఎక్కించే మెషిన్ ఆయన దగ్గరున్నది. పెద్ద రాగి తీగ చుట్ట, పక్కన కరెంటు దాచే డబ్బాలు. దాచి దాచి కరెంటును ఒక్కసారి వదుల్తది. ధన్! అంతే, పని అయిపోయినట్టు.

గ్రేస్ స్కెచ్ పెన్నంత మందం కర్రకు పురుగును ఒక చుట్టు చుట్టింది, ఎర్ర చుక్క బయటికి కనబడేటట్టు. చుట్టి, టేపు వేసింది.

"బారుగ పెట్టి కొట్టిస్తే ఏమైతది బిడ్డా?" అన్న.

"పెండ్లి ఫొటో యాది చేసుకో మామా. చుట్టాలందర్ని గుండ్రంగ నిలబెట్టిన్రు. ఫొటో తీసెటోడు 'ఇటు చూడున్రి' అన్నడు. అందరి మొఖాలు ఒక్క దిక్కు తిరిగినయి. మెషిన్ దెబ్బ అంటే అదే. ఇప్పుడు మెడలు తిప్పకుండ, ఆ గుండ్రాన్ని ఒక జాగల తెంపి బారుగ సాపితే?"

నేను మా ఇంటి పెండ్లిని మనసుల సాపి చూసిన. "ఒకడు ముందటికి, ఒకడు ఆకాశానికి, ఒకడు ఎనుకకు, ఒకడు నేలకు చూస్తడు."

"అగో! ఇగ బయటికెల్లి ఇంకో అయస్కాంతం వచ్చి 'నా దిక్కు చూడున్రి' అంటది. అందరూ తిరగనీకి చూస్తరు. కాని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని ఉన్నరు. గట్టి ఇనుమైతే అందరూ కలిసి కట్టెలెక్క తిరిగేటోళ్లు. ఇది మెత్తటి రబ్బరు. ఎక్కడోళ్లు అక్కడనే వంగుతరు. ఒక కాడ లేస్తది, ఒక కాడ దిగుతది. బయటి అయస్కాంతం తిరుగుతుంటే ఆ అల ముందుకు పోతది. అదే నడక."

"నేను ప్రతి పెండ్లి ఫొటోల కోడికూర దిక్కే చూస్తుంట. నాసొంటి గింజ ఒక్కటి పడ్డా నీ పురుగు భోజనాల బంతికాడికే పోతది."

మల్లేశన్న నవ్వి పురుగును రాగి చుట్టల పెట్టిండు. ధన్ అన్నది. నా జేబుల ఉన్న స్క్రూడ్రైవర్ ఉలిక్కిపడ్డది, నేను ఉలిక్కిపడ్డది దానికి తోడు.

అప్పుడే గ్రేస్ ఫోను మోగింది. లోపల ఎవరో స్పీకర్ పరీక్ష చేస్తున్నరు, గోడలే వణుకుతున్నయి. ఆమె చెవి మూసుకొని బయటికి ఉరికింది. మల్లేశన్న టేపు తీసి పురుగును విప్పిండు. విప్పుతుంటే టేపుకు ఒక ఎర్ర పెచ్చు అతుక్కొని వచ్చింది. చూసిన. చూసి ఊకున్న. విప్పిన పురుగు తమలపాకు లెక్క ముడుచుకొని, లోపలి మొఖం పైకి పెట్టి ఆయన అరచేతిల పండుకున్నది.

ఆ కార్ఖానాల ఒక రివాజు ఉన్నది. మెషిన్ కెల్లి ఏ మాలు బయటికొచ్చినా, బేరం చిన్నదైనా పెద్దదైనా, బొట్టు పెట్టంది గడప దాటనియ్యడు. అక్కడున్న ప్రతి స్పీకరుకు ఎనుక కుంకుమ చుక్క ఉన్నది. మల్లేశన్న వేలు తడుపుకొని, పురుగుకు కూడ ఒకటి పెట్టిండు. రబ్బరు జిగటకు కుంకుమ మంచిగ పట్టింది.

"మీకేం అభ్యంతరం లేదు గదా డేవిడన్నా?"

"నిన్న ప్రార్థన అయ్యింది, నేడు బొట్టయ్యింది. ఇగ ఏ దిక్కుకెల్లి కూడ దీనికి అడ్డం లేదు" అన్న. టిఫిన్ డబ్బాల పెట్టి మూత వేసిన.

గ్రేస్ ఉరుక్కుంట వచ్చింది. "మామా, మేడం ముందటి విమానానికే వస్తున్నదట! ఇప్పుడే పోవాలె!"

"నడిపించి చూడవా?"

"అక్కడనే చూద్దాం. పా!"

ఎయిర్‌పోర్టు: నా కాఫీల స్నానం

గేటు కాడ తుపాకి పట్టుకున్న జవాన్ మా డబ్బా చూసిండు. చెక్క డబ్బా, లోపల బరువు, బయట చక్రం. నేనైతే నన్ను లోపలికి రానియ్యకపోదును.

"యే క్యా హై?"

"పురుగు సాబ్" అన్న. గ్రేస్ నా కాలు తొక్కింది.

టిఫిన్ తెరిపిచ్చిండు. "జిందా హై?" బతికే ఉన్నదా అని అడిగిండు.

"చక్రం తిప్పితే జిందా, ఆపితే ముర్దా."

ఆయన నవ్వు ఆపుకుంట డబ్బా మీదికి వంగిండు. చేతిల తాళాల గుత్తి టక్కుమని డబ్బాకు అతుక్కున్నది. మా బస్సు అనుభవం పనికొచ్చింది. గుంజకుండ పక్కకు జరిపి తీసిచ్చిన. టికెట్ లేనోళ్లు కూసొనే హోటళ్ల దిక్కు చెయ్యి చూపించి పొమ్మన్నడు.

లోకమంతా అక్కడ పెట్టెలు గుంజుకుంట తిరుగుతున్నది. మా దిక్కు బస్టాండ్ల సుట్టాన్ని సాగనంపితే కిటికీ కాడ నిలబడి బస్సు కదిలేదాక అవే మాటలు మళ్ల మళ్ల మాట్లాడ్తం. ఇక్కడ గుమ్మం కాడనే చెయ్యూపి, ఇగ ఫోను చూసుకుంటరు. విమానానికి కిటికీ తెరవనియ్యరు గదా, మాట్లాడి ఏం ఫాయిదా. ఒక కాఫీ తీసుకున్న. దాని ధరకు మా షాద్‌నగర్‌ల హోటలంతా చాయ్ తాపి, హోటలాయనకు కూడ తాపొచ్చు. అందుకే దాన్ని తాగబుద్ధి కాలే, ముందట పెట్టుకొని చూస్తున్న.

మేడం వచ్చింది. నెరిసిన జుట్టు, కాటన్ చీర, భుజానికి సంచి. "ఎక్కువ సమయం లేదమ్మా. కూర్చోండి బాబూ, మీరెందుకు లేచారు?" అన్నది. నన్ను బాబూ అన్నోళ్లు మా ఊర్ల ఎవరూ లేరు.

గ్రేస్ డబ్బా మీద కాయితం ప్లేటు పెట్టింది. మేడం దిక్కున్న అంచు మీద ఒక గీత గీసింది. మధ్యల గోలీ, ఇవుతల పురుగు. ఎర్ర చుక్క పైకి ఉన్నదో లేదో రెండుసార్లు చూసుకున్నది. ఉన్నది. చక్రం తిప్పింది.

పురుగు నడుము లేపింది. అల పారింది. అబ్బ, ఏం సొగసు! కాని నడుస్తున్నది మేడం దిక్కు కాదు, మా దిక్కు. గోలీకి వీపు చూపించి, బాకీ ఉన్నోడు దుకాణం ముందట నడిచినట్టు గబగబ ఎనుకకు.

గ్రేస్ చక్రం ఆపింది.

"తల అటు పెట్టినవేమో బిడ్డా, తిప్పి పెట్టు" అన్న మెల్లగ.

దాని రెండు కొసలు ఒకటే తీరుంటయి. తల ఏదో దాన్ని పుట్టించినామెకే ఎరుక. అయినా పరేషాన్‌ల ఆ కొస ఈ దిక్కు తిప్పి పెట్టింది. మళ్ల మా దిక్కే వచ్చింది.

"చక్రం ఉల్టా తిప్పు!" అన్న, షరతు మర్చిపోయి.

తిప్పింది. చక్రం ఊడి చేతులకొచ్చింది. మేడం వాచీ చూసుకున్నది. నేను చక్రాన్ని మళ్ల మర బిగించి, సాయం చేద్దామని నేనే సక్కగ తిప్పిన, జర జోరుగ. పురుగు అంచుదాక ఉరికొచ్చి, ఎగిరి, తాగకుండ దాచుకున్న నా కాఫీల దునికింది.

మేడం నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. గ్రేస్ చెంచతోని పురుగును తీసి బొటనవేలితోని తుడిచింది. తుడిచి ఆగిపోయింది. వేలు ఎర్రగైంది.

"మామా. గోర్ల రంగు కాఫీల కరుగదు." వేలు ముక్కు కాడ పెట్టుకున్నది. "ఇది కుంకుమ."

"మల్లేశన్న పెట్టిండు బిడ్డా. ఆయన రివాజు. నువ్వు ఫోన్ల ఉంటివి."

"ఏ మొఖం మీద?"

"లోపలి మొఖం."

"మరి నా చుక్క?"

అప్పుడు నాకు టేపుకు అతుక్కున్న ఎర్ర పెచ్చు యాదికొచ్చింది. చెప్పిన. గ్రేస్ నా దిక్కు చూసింది. తిడ్తదనుకున్న. పకపక నవ్వింది. నవ్వుకుంటనే పురుగును దోశ తిప్పినట్టు బోర్లా తిప్పి ప్లేటుల పెట్టి, చక్రం నిమ్మళంగ తిప్పింది. నడుము లేపి, అలలు పారించుకుంట, కాఫీ మరకలు వదులుకుంట, గోలీని నెట్టుకుంట నెట్టుకుంట పోయి మేడం ముందటి గీత దాటించింది.

నేను చప్పట్లు కొట్టిన. పక్క బల్లోళ్లు కూడ కొట్టిన్రు, ఎందుకో వాళ్లకే తెల్వదు.

మేడం మాత్రం కొట్టలేదు. "కొస మారిస్తే దిక్కు మారలేదు. బోర్లించితే మారింది. ఎందుకమ్మా?"

గ్రేస్‌కు కొంగు లేదు, చున్నీనే పురుగు లెక్క బారుగ సాపి చూపించింది. "చుట్టాలు బారుగ నిలబడ్డరనుకోండి మేడం. ఆ వరుసను నేల మీదనే అటు కొస ఇటు తిప్పితే, ముందటికి, మీదికి, ఎనుకకు, కిందికి అనే వరుస అదే ఉంటది. దోశ లెక్క తిప్పితే మీదికి చూసెటోడు కిందికి, కిందికి చూసెటోడు మీదికి. వరుస ఉల్టా. అల గూడ ఉల్టా పారుతది."

"బాగుంది. మరి కడుపులోకి వెళ్ళాక బోర్లా పడితే? అక్కడ బొట్టు ఎవరు చూస్తారు?"

గ్రేస్ చున్నీ కొసను వేలికి చుట్టుకున్నది, విప్పింది. "తెల్వదు మేడం" అన్నది. "ఇప్పటిదాక దాని గురించి సోచాయించలే."

మేడం సంచి భుజానికి వేసుకున్నది. లేచింది. నేను ఆమె చెప్పులే చూస్తున్న, అవి పోతే కథ ఖతం.

"నాకూ తెలియదమ్మా" అన్నది. "వచ్చే నెల వచ్చేసెయ్. ఇద్దరం కలిసి చూద్దాం." రెండడుగులేసి, మళ్ల తిరిగి, "ఆ బాబుగారికి ఇంకో కాఫీ ఇప్పించు" అన్నది.

వాపస్

ఆ ఇంకో కాఫీ కూడ పూర్తిగ తాగలే. ఇద్దరం చెరో గుక్క తాగి, మిగిలింది అక్క కోసం మూత పెట్టి సాతంరాయి తీసుకపోయినం. అక్క ఒక్క గుక్క నోట్ల పోసుకొని, "గింత చేదుకు గంత ధరనా?" అని ఉమ్మింది. సంగతి విన్నంక కండ్ల నీళ్లు పెట్టుకొని, "నా ప్రార్థన" అన్నది.

ఇంటికి పోతుంటే కొత్తూరు కాడ బస్సు ఆగినప్పుడు మల్లేశన్నకు ఫోన్ చేసి చెప్పిన. "అయితే నా బొట్టుతోనే పని అయ్యిందన్నట్టు" అన్నడు. పనంతా ఉల్టా చేసిందే ఆ బొట్టు అని చెప్దామనుకున్న. కాని ఆయన ఎనుక స్పీకరు మోగుతున్నది, ఆయనకు వినబడదని ఊకున్న. దేవుండ్ల మధ్యల ఫ్రిజ్జు మెకానిక్కు ఏం పని?

గ్రేస్ బెంగుళూరు పోయి కొన్ని నెలలైంది. కడుపుల బోర్లా పడే సంగతి ఇంకా తేలలేదట, మేడం, ఈమె రోజూ కొట్లాడుకుంటున్నరట. మొన్న ఒక ఫొటో పంపింది. బల్ల మీద నల్లటి రబ్బరు పురుగులు బారుగ పండుకొని ఉన్నయి. ప్రతి దాని మీద ఒక ఎర్ర చుక్క. గోర్ల రంగు రబ్బరుకు నిలుస్తలేదని, అచ్చుల రబ్బరు ఆరకముందే చిటికెడు కుంకుమ చల్లుతున్నరట. లోపలికి ఇంకిపోతదట, ఇగ కాఫీల పడ్డా పోదట.

కుంకుమ అయిపోవొచ్చిందట. బెంగుళూరుల దొరకదా అంటే, మేడం ఒప్పుకుంటలేదట. మల్లేశన్న దగ్గరిదే పంపమన్నదట.